తోసేవాళ్లున్న కారు

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. ఒకటి, మా వంశంలో ఎవరూ బస్సు కోసం నిలబడలేదని. రెండు, కారన్నాక తోసేవాళ్లుంటారని. రెండోదానికి మా తాతగారే కారణం. నేను పుట్టేసరికి ఎస్టేటు పోయింది, మేడ పోయింది, ఆయన ఇంగ్లీషు కారు మాత్రం మిగిలింది (ఎవరూ కొనలేదు). తాతగారు స్టీరింగు ముందు నిటారుగా, అటూ ఇటూ చూడకుండా కూర్చుంటే నలుగురు వెనకనుంచి తోసేవారు. పల్లకీకి బోయీల్లా కారుకు వీళ్లనుకున్నాను. లోపల ఇంజనొకటి ఉంటుందని చాలాకాలం నాకు తెలియదు.

అందుచేత మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో మొదటి ఉద్యోగం దొరకగానే, తోటివాళ్లు నెలవారీ పాసులు కొనుక్కుంటే నేను నలభై ఏళ్లనాటి ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు కొన్నాను. రెండు సీట్లు, కుడివైపు స్టీరింగు, వాన పడితే బయటికన్నా లోపల కాస్త ఎక్కువ కురిపించే గుడ్డ టాపు. పార్కింగ్ టికెట్ మిషను ఎడమవైపు ఉంటుంది కనుక రోజూ దిగి, కారు చుట్టూ తిరిగి, టికెట్ తీసుకుని మళ్లీ ఎక్కేవాణ్ణి. (వెనకున్న జర్మన్లు హారన్ కొట్టేవారు కాదు. వాచీ చూసుకునేవారు.)

ఉదయం చలికి అది స్టార్టయ్యేది కాదు. కింది ఫ్లాట్‌లో హైదరాబాదు భాయ్ ఒకాయన ఇంటినుంచే పనిచేసేవాడు. చాయ్ కప్పు గోడమీద పెట్టి వచ్చి తోసేవాడు. సెకండ్ గేరులో క్లచ్ వదలడం నా వంతు. నేను వెనక్కి తిరిగి చూసేవాణ్ణి కాదు. మా ఇంటి పద్ధతి అది.

"రాజావారూ, బస్‌స్టాప్ నూరు అడుగులు గూడ లేదు. నేను రోజూ తోసేదే నూటయాభై," అనేవాడు.

"మావాళ్లు బస్సు కోసం నిలబడలేదు భాయ్."

"మరి నన్నెందుకు నిలబెడ్తున్నరు?"

ఇంతలో నా ప్రొబెట్‌సైట్ చివరికొచ్చింది. ఆ ఆరునెలల పరీక్షాకాలంలో ఆఫీసుకు నేను ఆలస్యంగా వెళ్లని రోజులు లేకపోలేదు. అవి ఆదివారాలు. నన్ను ఉంచాలా పంపాలా తేల్చడానికి మా మేనేజరు సోమవారం తొమ్మిదింటికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, ఇచ్చింది. "తొమ్మిదంటే తొమ్మిది," అంది, నవ్వకుండా. ఉద్యోగం పోతే, నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే బ్లూ కార్డు కూడా చిక్కులో పడుతుంది.

సోమవారం ఎనిమిదింటికి భాయ్ కారు పక్కన నడుం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నడుము పట్టేసింది రాజావారూ. వంగొస్తలేదు. కూసోమంటే లోపల కూసుంట. తోసుడు మీదే."

వంశంలో మొదటిసారిగా నేను కారు వెనక్కి నడిచాను. టై భుజంమీదికి వేసుకుని తోశాను. (అటునుంచి చూడటం అదే మొదలు. బరువైన కారు.) వాలు దగ్గర అది దగ్గి, పొగ వదిలి, వెళ్లిపోయింది. వెనకాల పరిగెత్తాను. భాయ్ ఆపలేదు.

"ఆపితే మళ్ల బందైతది. మీరు బస్సెక్కుండ్రి, బండి నేను తెస్త," అని కేకేసి మలుపు తిరిగాడు.

ఎక్కాను. కడ్డీ పట్టుకుని నిలబడే వెళ్లాను. తొమ్మిదికి పావుగంట ముందే ఆఫీసులో ఉన్నాను. మేనేజరు గోడగడియారం చూసింది, నమ్మకం చాలక ఫోనూ చూసింది.

మాటల మధ్యలో కిటికీలోంచి నా కారు కనిపించింది. మా ఆఫీసువాళ్లే నలుగురు తోస్తున్నారు. లోపల భాయ్ నిటారుగా, అటూ ఇటూ చూడకుండా.

"ఎవరాయన?" అంది మేనేజరు, కొంచెం గౌరవంగా.

"మా కింది ఫ్లాటాయన. నడుం నొప్పి," అన్నాను.

అన్నాక తాతగారు గుర్తొచ్చారు. ఆయన మెడ తిప్పకపోవడం రాజసమని ఊరంతా చెప్పుకునేది, నేనూ చెప్పుకున్నాను. ఆయన మంచం దిగేటప్పుడు గోడ పట్టుకునేవారని, ఆ గదిలో ఎప్పుడూ ఆముదం వాసన వేసేదని ఆ రోజే జ్ఞాపకం వచ్చింది.

ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు నా దగ్గరా నెలవారీ పాసుంది. కారు అమ్మలేదు. ఎండ కాసిన ఆదివారాల్లో భాయ్ కూర్చుంటాడు, నేను తోస్తాను. నిన్న తోసి లేచేసరికి నాకూ నడుం పట్టేసింది. ఇవాళ బస్సులో అటూ ఇటూ చూడకుండా, నిటారుగా నిలబడి వెళ్లాను. చూసినవాళ్లు వంశం అనుకుని ఉంటారు.