డబ్బాలో ములక్కాడలు

జ్వరం తగ్గినా మా పిల్ల మెతుకు ముట్టడం లేదు. డ్యూటీకి వేళవుతున్నా కాలు నిలవక, ఈ సాయంత్రం నేను గుమ్మానికీ పొయ్యికీ మధ్య తిరుగుతున్నాను. అంతలో పోర్టులో నాతో పనిచేసే అప్పన్న ఒక రేకు డబ్బా తెచ్చాడు. ఓడ వంటవాడు ఇచ్చాడట.

"రామములక్కాయలు బావా. పిల్లకెట్టు, నెత్తురు పడతాది."

మాది గోదావరి వైపు, ఇక్కడికొచ్చి నెల కాలేదు. అంతేసి పొడుగు ములక్కాడలు అంత చిన్న డబ్బాలో ఎలా పట్టాయా అనుకున్నాను. మేకు కొట్టి తెరిస్తే, తొక్క తీసిన టమాటాలు. ఇక్కడ వాటినే అలా అంటారట.

పక్కింటి పైడమ్మగారు కుంపట్లో కాల్చిన బంగాళాదుంప పట్టుకుని వచ్చారు.

"డబ్బాలో సరుకు ఎప్పటిదో ఏటో. దుంపెట్టు బాబూ, సత్తువొస్తాది."

"దుంప వాతం పిన్నీ. జొరం పడి లేసిన పిల్ల," అన్నాడు అప్పన్న.

"వాతం నీకు. సిన్నపిల్లకి ఏటి వాతం?"

దేంట్లో బలం ఎక్కువో వాళ్లు తేల్చలేదు, నాకు కాళ్లు ఆగలేదు. వెనక్కి తిరిగి చూస్తే పిల్ల ఆ దుంపను డబ్బాలో ముంచుకుని తింటోంది. టమాటా చారంటేనే మొహం తిప్పుకునే పిల్ల.

"నాన్నా, ఈ ములక్కాడల్లో పీచు లేదేం?" అంది.

కాకరకాయకు కూడా ఈ ఊళ్లో ఇంకేదైనా మంచి పేరుంటే, రేపు వంట వేళలోగా ఎవరైనా చెప్పండి.