పాతూరి మబ్బులో దగ్గు

ఒట్టు పెట్టమంటారా? పెడతాను. కానీ మా పైపాలెంలో దేవుడి మీదా, పిల్లల మీదా ఒట్టు పెట్టుకోరు. చిటికెడు కొత్తకారం నాలుక మీద వేసుకుని చెబుతారు. చెప్పేది అబద్ధమైతే మధ్యలో దగ్గొచ్చేస్తుందట. ఇదిగో... వేసుకున్నాను. ఇక వినండి.

పైపాలెం మీరెవరూ చూసి ఉండరు. వినుకొండ దాటి మార్కాపురం వైపు పోతుంటే ఒక కొండ వస్తుంది. దాని నడుముకి వడ్డాణం పెట్టినట్టు కాస్త చదును నేల. ఊరు, పొలాలు, దొడ్లు, అన్నీ ఆ చదునులోనే. కింద మైదానంలో వాళ్లకి కాలవలున్నాయి, మోటార్లున్నాయి. మాకు వానే దిక్కు. అందుకే మా మిరపకాయ చిన్నది... కానీ మహా ఘాటు. గుంటూరు యార్డులో మా బస్తా విప్పితే వ్యాపారులు మొహం పక్కకి తిప్పుకునేవారు. మాకదే గొప్ప. మిరప కాకపోతే మేకలు, సీజనులో సీతాఫలాలు. మగవాళ్లు సగం మంది చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనికి పోయేవారు. మా ఆయనా అక్కడే ఉండేవాడు.

ఊరికి పైన, కొండ తల మీద పాతూరు ఉంది. అసలు ఊరు అదే. ఏ కాలంలోనో అక్కడి దిగుడుబావి ఎండిపోతే జనం కిందికి దిగి, ఈ చదునులో ఇళ్లు కట్టుకున్నారట. ఒక ముసలావిడ మాత్రం "నేను దిగను" అని కూర్చుందట. ఆవిడ పేరేమిటో, చివరికి ఏమైందో చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడక్కడ మొండి గోడలు, తుప్పలు, ఆ బావి. బావికి గట్టు లేదు. గడ్డిలో నడుస్తూ ఉంటాం... ఉన్నట్టుండి కాలికింద నేల ఉండదు.

కింద ఊళ్లకి సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ మా కొండకి ఇంకా సిగ్నల్ ఎక్కని రోజులు. నాకు కొత్తగా పెళ్లయింది. మా అత్తగారు సుబ్బాయమ్మ మా నాన్నకి సొంత అక్క. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఆవిడకేమైనా అయితే నాకు పుట్టిల్లూ పోయినట్టే, అత్తిల్లూ పోయినట్టే.

ఆరోజు మొదటి కోత కాయలు ఊరి నడుమ బండ మీద ఎండుతున్నాయి. కాని కాలంలో వాన. అందరం పరుగెత్తి పట్టాలు కప్పాం. ఆ హడావిడిలో మా చూలుమేక మంద తప్పింది. అత్త కర్ర తీసుకుంది.

"నేను పోయి తోలుకొస్తా. నువ్వు పట్టా అంచుల మీద రాళ్లు పెట్టు పద్దూ."

పెట్టాను. వాన ఆగింది. ఆగాక... మబ్బు దిగింది.

కొండ మీద మబ్బు దిగడం అంటే మైదానం వాళ్లకి అర్థం కాదు. మంచు కాదు అది. చెయ్యి చాపితే వేళ్లు కనపడవు. పక్కింట్లో దీపం కూడా కనపడదు. దీపాల వేళ దాటింది. అత్త రాలేదు.

"అత్తా..." అని కేకేశాను. ఆ కేక కొండకి తగిలి అటు నుంచీ వచ్చింది, ఇటు నుంచీ వచ్చింది. వెనక నుంచి ఎవరో నా భుజం పట్టుకున్నారు. మస్తాన్ బాబాయి. మా మేకలు కొని సంతకి తోలేది ఆయనే. కొండంతా ఆయన కాలికి తెలుసు.

"కేకెయ్యమాక పద్మా. అది విని మీ అత్త ఎటు నడుస్తదో ఏందో. పొగెయ్యాల. తాలుకాయలు పట్టుకురా."

మబ్బులో దీపం కనపడదు, కేక దారి తప్పిస్తుంది. అందుకే మా ఊళ్లో మనిషి తప్పిపోతే మిరప తాలు, అంటే తెల్లబారి పనికిరాని కాయలు, తగలేస్తారు. మా ఊరు కొండకి తూర్పు పక్క. తూర్పుగాలి పొగని పైకి తోసుకుపోతుంది. ఆ ఘాటుకి ఎంత మొండివాళ్లయినా దగ్గాల్సిందే. దగ్గు కేకలాగా మోగదు. పుటుక్కున తెగిపోతుంది. ఎటు నుంచి వచ్చిందో చెవికి తెలిసిపోతుంది. ఊళ్లో ఉన్నవాళ్లం మాత్రం తడిగుడ్డ మూతికి కట్టుకుని, ఊపిరి బిగబట్టి వినాలి.

తాలుకాయలు గంపతో తెచ్చి నిప్పుల మీద కుమ్మరించాను. చిటపటలాడాయి. కళ్లలో మంట. పొగ మబ్బులో కలిసిపోయి పైకి పాకింది. నేను, బాబాయి, పక్కింటి కోటమ్మక్క... ముగ్గురం పాతూరికి ఎక్కే రాతిమెట్ల మొదట్లో నిలబడ్డాం.

ఏమీ లేదు.

పట్టా మీద నీళ్లు జారుతున్నాయి. టప్... టప్... ఎక్కడో కుక్క ఒకసారి మూలిగి ఊరుకుంది. ఇంకా ఏమీ లేదు...

ఖళ్.

పైనుంచి. ఒక్కటే.

కోటమ్మక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మళ్లీ వచ్చింది. ఖళ్... ఖళ్... పొడి దగ్గు. వయసు మళ్లిన గొంతు.

"అత్తే," అన్నాను. ఏడుపొచ్చేసింది.

"బావికాడ," అన్నాడు బాబాయి. మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

ఆయన చేతిలో టార్చి ఉంది గానీ దాని వెలుగు మూరెడు దూరంలోనే తెల్లగా ఆగిపోతోంది. చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచాం. ఒక మొండిగోడ దగ్గర మేము ఎడమకి తిరిగాం... కుడిపక్కన దగ్గు. సరేనని కుడికి తిరిగాం. కాస్త పోయాక తుప్పల్లో దారి పోయింది. ఆగాం. దగ్గు మళ్లీ వచ్చింది, ఇటు రమ్మన్నట్టు. అప్పుడు నాకు వింతగా అనిపించలేదు. అత్త ఉంది, దగ్గుతోంది, అదే చాలు.

నేను చెయ్యి విడిపించుకుని ముందుకి ఉరికాను. అప్పుడు...

నా మొహం ముందే. ఇదిగో, మీకూ నాకూ మధ్య ఉన్నంత దూరంలో... ఖళ్.

ఆగిపోయాను. చెయ్యి చాపి తడిమాను. తడి గోడ. ఇంకో పక్కకి తడిమాను. ఏమీ లేదు... మబ్బు తప్ప ఏమీ లేదు.

"అత్తా?"

పలికింది. కానీ ముందు నుంచి కాదు. కింద నుంచి. నా పాదాల దగ్గర నుంచి.

"పద్దూ... అడుగెయ్యమాక."

బాబాయి టార్చి కిందికి తిప్పాడు. నా బొటనవేళ్లు బావి అంచు మీద ఉన్నాయి. కింద పాచి పట్టిన మెట్టు మీద అత్త, గోడకి అతుక్కుని కూర్చుని ఉంది. చీలమండ తిరిగిపోయింది. ఇంకో మెట్టు లేదు, విరిగిపోయింది. ఆ కింద చీకటి.

ఎలా పైకి లాగామో నాకు తెలియదు. ఆవిడని పట్టుకుని ఏడ్చాను, నవ్వాను, మళ్లీ ఏడ్చాను. ప్రాణం లేచొచ్చింది అంటారు చూడండి, ఆరోజు నాకు అర్థమైంది. బాబాయి ఆవిడని వీపునెక్కించుకున్నాడు.

"ఏందక్కా, రెండు బస్తాల బరువున్నావు? ఈసారి నిన్ను కూడా కాటా పెట్టిచ్చాలి."

"నోరుముయ్యరా," అంది అత్త. ఆ మాట వినగానే అందరం నవ్వాం.

ఇంటికొచ్చి కాలికి పసుపు పట్టు వేస్తూ అన్నాను, "నీ దగ్గు వినపడబట్టి సరిపోయింది అత్తా."

అత్త నా వంక అదోలా చూసింది.

"నేనేడ దగ్గానే? పొగ వాసన తగలంగానే తడి కొంగు నోట్లో కుక్కుకున్నా. ఆ పాచి మీద దగ్గితే జారిపోనూ?" నా వైపు వేలు చూపించింది. "దగ్గింది నువ్వు గదా. మీరు రాకముందు నించీ పైన గోడకాడ నిలబడి దగ్గుతానే ఉన్నావు. పలకవేందా అనుకున్నా."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది.

ముందు తేరుకుంది మస్తాన్ బాబాయే. "మేక. మేక కూడా అచ్చం మనిషి లెక్కనే దగ్గుద్ది. మన చూలుమేకే అది." హమ్మయ్య అనుకున్నాం. నిజమే, మేకలు అలాగే దగ్గుతాయి. నవ్వుకున్నాం కూడా.

అంతలో కోటమ్మక్క దొడ్లోకి వెళ్లి వచ్చింది. ఆవిడ మొహం పాలిపోయి ఉంది. మేక దొడ్లోనే ఉంది. ఈనింది. రెండు పిల్లలు. వాటి ఒళ్లు అప్పటికే ఆరిపోయి, లేచి పాలు తాగుతున్నాయి. అంటే మేక ఎప్పుడో ఇల్లు చేరింది.

"దిగనన్న ముసల్ది..." అంది కోటమ్మక్క.

"అట్టా కాదు," అన్నాడు బాబాయి. "దిష్టి తీసి నిప్పుల్లో ఏస్తే ఏమైతది? గాలో ధూళో ఉంటే ఘాటే రాదు. దానికి ఘాటు తగలదు. దగ్గిందంటే మనిషే."

"మనిషైతే ఎవరు బాబాయ్?"

ఆయన నా వంక చూశాడు. తర్వాత టీ పెట్టమన్నాడు.

అత్త కారండబ్బా తెప్పించుకుంది. చిటికెడు నాలుక మీద వేసుకుని, "నేను దగ్గలేదు," అంది. కళ్లు మూసుకుని కూర్చుంది. చాలాసేపు చూశాం. దగ్గలేదు.

పొద్దున మబ్బు విడిపోయింది. ఎండ కాసింది, పట్టాలు తీశాం, కాయలకి ఏమీ కాలేదు. అత్త మంచం మీద నుంచే నాకో పని చెప్పింది.

"మన పొగకి ఆ గొంతు ఎంత మండిందో ఏమో. ఎవరైతేనేం. ఓ ముంత మజ్జిగ తీసుకుపోయి ఆ గోడకాడ పెట్టి రా."

భయమేసింది. అయినా వెళ్లాను. గోడ దగ్గర గడ్డి నలిగి ఉందేమో అని చూశాను. ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ముంత పెట్టి, వెనక్కి చూడకుండా దిగొచ్చాను. సాయంత్రం బాబాయి ముంత తెచ్చిచ్చాడు. ఖాళీగా ఉంది. కుక్కలు తాగాయేమో. కుక్కలు తాగితే బోర్లా పడాలి కదా... అది నిలబెట్టే ఉందట.

అత్త ఇప్పుడూ ఉంది. కాస్త కుంటుతుంది, అంతే. ఏటా మొదటి కోతకి పైకి మజ్జిగ పంపిస్తూనే ఉంది. ఎవరికని నేను అడగను. ఆవిడా చెప్పదు.

ఇంతసేపూ చెప్పాను. ఒక్కసారైనా దగ్గానా? మరి... ఇక ఆ మజ్జిగ గ్లాసు ఇటివ్వండి. నోరు మండిపోతోంది.