ఏ బండెక్కేవయ్యా

సూర్యప్రకాష్ ఎన్ని పాటలు చేశాడో సూర్యప్రకాష్‌కే సరిగ్గా తెలీదు. ఛఠ్ పండగకి భోజ్‌పురీలో పాడాడు. జార్ఖండ్ పల్లెల నాగపురీ భాషలో ప్రేమ పాటలు పాడాడు. శ్రీరామనవమి జెండాల ఊరేగింపులకి హిందీలో గొంతు చించుకున్నాడు. ఎన్నికలొచ్చినప్పుడు ఒకే ట్యూన్ మీద పేర్లు మార్చి రెండు పార్టీలకీ ప్రచార గీతాలు కట్టిచ్చాడు. ఆ రెండు పార్టీల జీపులూ సాక్చీ బజారులో ఎదురుపడ్డ రోజున ఫోను ఆపుకుని ఇంట్లో కూర్చున్నాడు. రాత, రాగం, వాయిద్యం, రికార్డింగు అన్నీ తనే. పేరు కూడా తనే పెట్టుకున్నాడు, సూర్య పీ అని. పేరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం తగిలిస్తే తప్ప జంషెడ్‌పూర్‌లో పాటగాణ్ణి పాటగాడిగా చూడరని అతని నమ్మకం. తగిలించాక కూడా ఎవరూ చూడలేదనుకోండి, అది వేరే సంగతి.

అతని పాటలకి నికరమైన శ్రోత ఒక్కడే ఉండేవాడు, తండ్రి పోలరాజు. టాటానగర్ రైల్వేలో కీమన్‌గా చేశాడు. భుజాన సుత్తి వేసుకుని పట్టాల వెంట నడుస్తూ, వదులైన చోటల్లా బిగించుకుంటూ పోవడమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక సీతారాండేరాలో చిన్న ఇల్లు చూసుకుని అక్కడే ఉండిపోయాడు. కొడుకు పాట ఏదొచ్చినా ఫోను చెవికి ఆనించుకుని మొదలుకంటా వినేవాడు.

"బాగున్నాదిరా సూరీ. ఆ డోలు కాసింత తగ్గిత్తే నువ్వేటి పాడతన్నావో కూడా తెలుత్తాది" అనేవాడు.

"హా నాన్నా, అగ్లీ బార్" అని కొడుకు నవ్వేసేవాడు. పెద్దవాళ్ళు తెలుగులో అడగడం, పిల్లలు హిందీలో జవాబివ్వడం ఆ వీధిలో అందరిళ్ళలోనూ ఉన్నదే. వచ్చేసారి డోలు ఇంకాస్త పెరిగేది.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ వేసవిలో పోలరాజు ఆసుపత్రికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, అట్నుంచి అటే భుయియాడీ శ్మశానానికి తీసుకుపోయారు. గేటు బయట నిలబడి పొగ చూడ్డం తప్ప సూర్యప్రకాష్ చేయగలిగింది లేకపోయింది. పట్టాల మీద అన్నేళ్ళు నడిచిన మనిషి వెనక చివరికి నడిచింది ముఖం కనబడని నలుగురు కూలీలు.

ఇంటి దగ్గర తల్లి జోగమ్మ పరిస్థితి అంతకన్నా అధ్వాన్నం. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆ కుటుంబాల్లో శోకం పెట్టడమంటే ఊరికే ఏడవడం కాదు. భర్త పోతే భార్య తలాపున కూర్చుని రాగం ఎత్తుకోవాలి. పోయినవాణ్ణి పిలవాలి, నిలదీయాలి, తిట్టాలి, తినకుండా వదిలేసిన కూర సంగతి కూడా అడగాలి. శోకం వినకుండా పోయినవాడు గడప దాటలేడని వాళ్ళ పెద్దలు చెబుతారు. జోగమ్మ గొంతెత్తబోయింది. కోడలు ఉజ్వల పరుగున వచ్చి అరచెయ్యి అడ్డం పెట్టింది. పక్కవాళ్ళు విన్నారంటే కరోనా ఇల్లని వీధికి వెదురుబొంగులు కట్టేస్తారు, తన పసిపిల్లకి పాలు కూడా దొరకవు. తప్పు ఉజ్వలది కాదు. ఎవరిదీ కాదు. జోగమ్మ నోరు మూసుకుంది. ఆ మూసుకున్న నోరు నెలల తరబడి తెరుచుకోలేదు. అడిగినదానికి తల ఊపడం, అంతే.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉన్నట్టుండి కొడుకుని అడిగింది.

"సిద్ధగోరాలో ఆ గదుంది గదా నీది. అందులో అరిసినా బయటికి ఇనపడదంటావు. నిజమేనేటి?"

"హా అమ్మా. ఏల?"

"నన్నోపాలి తీసుకెల్లు."

ఆ గది అతని స్టూడియో. కిటికీ లేదు. గోడలకి పాత పరుపులూ, గుడ్ల అట్టలూ. తల్లిని లోపల కుర్చీలో కూర్చోబెట్టి, నేను బయటుంటానమ్మా అని తలుపు వేసి వచ్చేశాడు. నిజంగానే బయట మెట్ల మీద కూర్చున్నాడు. కానీ సూర్యప్రకాష్‌కి ఒక అలవాటుంది. గదిలో మైకు ఎప్పుడూ ఆపడు. పాడేవాడు సిద్ధం కాకముందు తనలో తను కూనిరాగం తీస్తాడు చూడండి, అసలు సరుకు అక్కడే ఉంటుందనేది అతని వృత్తి సూత్రం. ఆ రోజు కూడా మైకు ఆపలేదు. కావాలని చేశాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తర్వాత ఆ రికార్డింగు చెరిపేయకపోవడం మాత్రం కావాలని చేసిందే.

బయటికొచ్చాక జోగమ్మ మొహం కడుక్కుని, టీ అడిగింది. ఆ వారమే మళ్ళీ ఇంట్లో మాట్లాడ్డం, కూరలవాడితో బేరాలు మొదలెట్టింది. కొడుకు ఊపిరి పీల్చుకున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే ఇంత కథ లేదు. తర్వాతి సంవత్సరం రాంచీలో ఒక మ్యూజిక్ కంపెనీ అతనితో ఒప్పందం కుదుర్చుకుంది. వరసగా పాటలివ్వాలి, అన్నిటి మీదా హక్కు వాళ్ళదే. ఇచ్చిన పాటలన్నీ ఎప్పట్లాగే ఎక్కడివక్కడ పడుకున్నాయి. ఆఖరిది ఇవ్వాల్సి వచ్చేసరికి బుర్రలో ఏమీ మిగల్లేదు. గడువు దగ్గర పడింది. పాత ఫైళ్ళు తిరగేస్తుంటే తల్లి గొంతు దొరికింది.

"ఏ బండెక్కేవయ్యా, నాకు సెప్పకుండా ఏ బండెక్కేవయ్యా..."

విన్నాడు. ఏడ్చాడు కూడా, అది దాచనక్కర్లేదు. ఏడుస్తూనే చెయ్యి కీబోర్డు మీదికి పోయింది. పక్కనున్న సౌరభ్, పాటలు అప్‌లోడ్ చేసే స్నేహితుడు, బెంగాలీ కుర్రాడు, మాట ముక్క అర్థం కాకపోయినా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "దాదా, యే క్యా చీజ్ హై" అన్నాడు, ఇదేం పాటన్నా అన్నట్టు. ఎవరికి అర్థమవుతుందిలే అనుకున్నాడు సూర్యప్రకాష్. రాగం బరువుగా ఉంది కదా అని కొన్ని ముక్కలు కోసేసి, కింద డోలు వేగం పెంచాడు.

పాట వచ్చింది. మొదట ఏమీ కాలేదు. తర్వాత ఎవరో ఒక పెళ్ళిలో గంతులేసి వీడియో పెట్టారు. ఆ తర్వాత ఇక చెప్పక్కర్లేదు. జార్ఖండ్ దాటింది, బిహార్ దాటింది. ప్రాంతీయ పాటల పట్టికలో పైకి పాకి పాకి మొదటి స్థానంలో కూర్చుని, కదలనంది. ఎవరికీ తెలియని సూర్య పీ ఎవరని జనం వెతకసాగారు. అన్నేళ్ళూ గొంతు చించుకున్నవన్నీ గాలికి పోయి, తను గొంతు కలపని పాటతో పేరొచ్చింది.

జోగమ్మ ఆ పాటని భాలుబాసా బజారులో విన్నది. బెండకాయలు ఏరుతుంటే పక్కనుంచి ఒక ఆటో వెళ్ళింది, అందులోంచి తన గొంతు. చేతిలోవి కింద పడేసి ఇంటికి వచ్చేసింది. కొడుకు అన్నం తింటున్నాడు. తిట్టలేదు, ఏడవలేదు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఆవేళ గది బయటుంతానన్నావు" అంది.

అతను ముద్ద చేతిలోనే పట్టుకున్నాడు.

"నానూ మీ నాన్నా మాటాడుకున్నదంతా ఇన్నావేటి?"

సూర్యప్రకాష్ ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు.

"ఆపించీరా బావు. నాకింకేటీ ఒద్దు. ఆపించీ."

"ఆపించేస్తానమ్మా" అన్నాడు. నిజంగానే ఆపించగలననుకున్నాడు పాపం. తన పాటే కదా. చేతులు కాలాక ఆకులు వెతకడం అప్పట్నుంచి మొదలైంది. కంపెనీకి ఫోను చేస్తే నవ్వారు. పరిగెడుతున్న గుర్రాన్ని ఎవరైనా ఆపుకుంటారా భాయ్ అన్నారు. స్వయంగా రాంచీ వెళ్ళాడు. ఒక మర్యాదస్తురాలైన అమ్మాయి కాఫీ ఇచ్చి, ఒప్పందం కాగితం మీద అతని సంతకం చూపించి, ఆ పైన అద్దాల చట్రంలో బిగించిన బహుమతి ఫలకం చేతిలో పెట్టి ఫోటో తీసుకుంది. దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చి, మంచం కిందికి తోసేశాడు. ఒకవేళ కంపెనీ ఆపినా ఏం లాభం? అప్పటికే ఆ గొంతుని ఎవరెవరో కోసుకుని, ఎవరి డోలు వాళ్ళు తగిలించుకున్నారు. నెమ్మదిగా ఒకటి, వేగంగా ఒకటి, మధ్యలో ఈలలతో ఒకటి. ఎక్కడని ఆపుతాడు.

తల్లి అడిగినప్పుడల్లా "హో జాయేగా అమ్మా, అయిపోద్ది" అనేవాడు. ఆమె నమ్మేది. తను అన్నేళ్ళు కాపురం చేసిన కీమన్‌కి రైలు ఆపాలంటే ఎర్రజెండా చాలేది, కొడుక్కి తన పాటని ఆపడానికి అంతకన్నా ఏం కావాలని ఆమె లెక్క.

ఊళ్ళో వాళ్ళ సంతోషం చెప్పనలవి కాదు. తెలుగు సంఘం వాళ్ళు శాలువా కప్పారు. ఇంకో పాట అమ్మతోనే పాడించవోయ్ అని సలహా ఇచ్చారు. మాట అర్థమైన ముసలివాళ్ళు లేకపోలేదు. ఎదురింటి నూకమ్మ, జోగమ్మ ఊరి మనిషే, ఆ పాట మొదటిసారి వినగానే వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఓలమ్మా, ఇది శోకం గదేటి. శోకానికి గెంతుతన్నారేటి ఈలు?"

జోగమ్మ పీట వేసింది. నూకమ్మ ఆమె పక్కన కాసేపు కూర్చుని వెళ్ళింది.

ఆ నూకమ్మ మనవరాలు రోహిణికే మొన్న వైశాఖంలో పెళ్ళయింది. పెళ్ళికొడుకు సిద్ధగోరా వాడు. అతని ఊరేగింపు, బారాత్, పెళ్ళిమండపానికి పోతూ పొద్దు వాలే వేళకి సీతారాండేరా వీధిలోకి వచ్చింది. ముందు డీజే బండి, వెనక మగపెళ్ళివారు, రంగుదీపాలు. నూకమ్మ వద్దని చెప్పే ఉంటుంది, కానీ పెళ్ళివాళ్ళ సరదా ముందు ముసలిదాని మాట ఎంత. సరిగ్గా జోగమ్మ గుమ్మం ముందుకొచ్చి బండి ఆగింది. ఆ ఇల్లు ఎవరిదో అందరికీ తెలుసు. గౌరవం చేస్తున్నామనుకున్నారు.

"ఏ బండెక్కేవయ్యా..." అని ఎత్తుకుంది డీజే. కిటికీ అద్దాలు దడదడలాడాయి. వీధి వీధంతా ఊగింది. ఇద్దరు ఆడపిల్లలు లోపలికొచ్చి, "ఆంటీజీ, ఆప్ హీ కా గానా హై, మీ పాటే" అని జోగమ్మ చేతులు పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. ఫోన్లు పైకి లేచాయి.

సూర్యప్రకాష్ గుంపుని తోసుకుంటూ బండి దగ్గరికి పోయాడు. "బంద్ కరో భాయ్, హాథ్ జోడ్‌తా హూ" అని చేతులు జోడించాడు. డీజేవాడు అతన్ని గుర్తుపట్టి, వినయంగా కాళ్ళకి దణ్ణం పెట్టి, శబ్దం ఇంకాస్త పెంచాడు. ఇతను తీగ పీకబోయాడు. భుజం మీద చెయ్యి పడింది. తల్లి.

"ఉండనీరా" అంది.

ఆమె గుంపుకేసి చూస్తోంది. వాళ్ళ శ్రీకాకుళం వైపు, నిండా బతికి పోయిన పెద్దమనిషి పాడె వెళుతుంటే ముందు డప్పులుంటాయి. డప్పులకి చిందులూ ఉంటాయి. పోలరాజుకి అవేవీ జరగలేదు.

"మీ నాన్నెనక ఒక్కలూ నడవలేదు. సూడు, ఎంతమందొచ్చేరో."

బండి కదిలింది. జోగమ్మ కొంగు తల మీదికి లాక్కుని దాని వెనక నడిచింది. పెదాలు కదులుతున్నాయి. పాటతో గొంతు కలుపుతోందని జనం మురిసిపోయారు. ఆమె మాత్రం పాటలో లేనివి కూడా అంటోంది, కోసి తీసేసిన ముక్కలన్నీ. అవి ఎక్కడెక్కడ ఉండేవో తెలిసినవాడు పక్కన నడుస్తున్న కొడుకొక్కడే. ఏడుపు ఆపుకోవడం అతని వల్ల కాలేదు. కొడుక్కి తల్లి మీద ఎంత ప్రేమో అని ఎవరో అన్నారు.

వీధి మొగలో జోగమ్మ ఆగిపోయింది. పాడె వెనక ఆడవాళ్ళు అంతకు మించి వెళ్ళకూడదు. బండి మలుపు తిరిగేదాకా నిలబడి చూసి, వెనక్కి వచ్చింది. గుమ్మం బయటే కొళాయి దగ్గర కూర్చుని, చావు మైల పోయేలా కట్టుబట్టలతోనే తల మీద నీళ్ళు పోసుకుంది. ఉజ్వల తువ్వాలు తెచ్చింది. జోగమ్మ జుట్టు తుడుచుకుంటూ కొడుకు వైపు చూసింది. చాలా కాలానికి ఆమె మొహం తేటగా ఉంది.

"ఎల్లిపోనాడురా మీ నాన్న. సాగనంపీసేం. అయిపోనాది. ఇంక రేపు ఆ పాట ఆపించీ."

"హా అమ్మా" అన్నాడు సూర్యప్రకాష్.

అది పెళ్ళిళ్ళ రోజులు. మంచి లగ్గం ఒక్క రోహిణి కోసమే వస్తుందా. భాలుబాసా వైపు నుంచి ఇంకో బారాత్ బయల్దేరినట్టుంది, ముందు డోలు వినపడింది. ఆ తర్వాత జోగమ్మ గొంతు.

జోగమ్మ తువ్వాలు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. కొడుకు మొహంలోకి చూసింది. అతను తల దించుకున్నాడు. తువ్వాలు కోడలికిచ్చేసి, ఖాళీ బకెట్టు మళ్ళీ కొళాయి కింద పెట్టింది.