వానమ్మ గీసిన అడ్డగీత

బడిలో సైన్సు గదికి అటెండరుగా చేరిన రోజే ఆవిడకి ఆ పని అంటగట్టారు. ఆటస్థలం మూల, చెట్టూ గోడా దగ్గర లేనిచోట ఒక వర్షమాపకం ఉంది. పైన గరాటు, కింద సీసా, సీసా చుట్టూ రేకు డబ్బా. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి సీసాలో నీళ్ళని గీతలున్న గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో పుస్తకంలో రాయాలి. అంతే. అంతే అని నోటితో అనడం తేలిక గానీ, ఆదివారమైనా సెలవైనా, వాన పడినా పడకపోయినా వెళ్ళాల్సిందే.

"పడని రోజు కూడా ఎందుకు పోవడం? ఇంట్లో కూర్చునే సున్నా రాసెయ్యొచ్చుగా!" అన్నాడు కొత్తలో ఆవిడ భర్త. ఆయన దర్జీ.

"చూడకుండా రాస్తే అది సున్నా కాదు, అబద్ధం," అంది ఆవిడ.

 ఆ తర్వాత ఆవిడ పురిటికి వెళ్ళినప్పుడు టేపు మెడలో వేసుకుని తనే రోజూ వెళ్ళి కొలిచొచ్చాడు. ఊరంతా ఆవిడకి వానమ్మ అని పేరు పెట్టేసింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

పిల్లలకి ఆవిడంటే చనువు. ఈమధ్య ఓ రోజు ఏడో తరగతి పిల్ల వచ్చి, "వాతావరణానికీ శీతోష్ణస్థితికీ తేడా ఏంటి వానమ్మా? టీచరు చెప్తే బుర్రకెక్కలేదు," అంది.

"పొద్దున మీ అమ్మ మీద అలిగి తినకుండా వచ్చావా?"

"ఊఁ."

"అది వాతావరణం. ఈ పూట సంగతి. అసలు నువ్వెలాంటి పిల్లవో చెప్పాలంటే మాత్రం ఏళ్ళ తరబడి చూసుండాలి. అది శీతోష్ణస్థితి. ఊరికైతే ముప్పై ఏళ్ళు చూడాలంటారు."

"మా అమ్మ నన్ను పన్నెండేళ్ళే చూసింది!"

"అందుకే పాపం ఇంకా ఆశ వదులుకోలేదు," అంది వానమ్మ. ఆ పిల్ల పకపకా నవ్వింది.

ఆ ముప్పై ఏళ్ళ మాటే ఇప్పుడు ఆవిడకి కునుకు పట్టనివ్వడం లేదు. ఈ నెలాఖరుకి కొలతలకి ముప్పై ఏళ్ళు నిండుతాయి, ఆవిడ ఉద్యోగమూ అయిపోతుంది. వాతావరణ కార్యాలయం నుంచి అధికారి వచ్చి పుస్తకాలు చూస్తాడట. నమ్మకంగా ఉంటే ఊరి వానల సగటు వాటినుంచే కడతారు. లేకపోతే పాత కాగితాల్లోకి పోతాయి. పోతే పోనీ అనుకోవడానికి అవి ఉత్త కాగితాలా! ఆవిడ బతుకులో ముప్పై ఏళ్ళ ఉదయాలు.

భయం దేనికంటే, పదకొండో ఏడు పుస్తకంలో ఒకచోట అంకె లేదు. అడ్డగీత ఉంది. ఆనాడు కుండపోత. మోకాలి లోతు నీళ్ళలో బడికి వెళ్ళింది. సీసా నిండిపోయి, మిగతా వాన చుట్టూ ఉన్న డబ్బాలోకి పొర్లింది. రోజూ డబ్బాలో దుమ్మూ ధూళీ తప్ప ఏమీ ఉండదు గనుక, ముందు దాన్ని పూలమొక్కల్లోకి దులిపి తర్వాత సీసా కొలవడం ఆవిడ అలవాటు. ఆ వేళా చెయ్యి తన పని తాను చేసేసింది. సగం పారబోశాక గుర్తొచ్చింది, ఆ నీళ్ళూ లెక్కలోవేనని. సీసాలోవి మాత్రమే రాస్తే అంత వానా చిన్నదైపోతుంది. ముప్పై ఏళ్ళలోకీ పెద్ద వాన! అక్కడ గీత గీసి, పక్కన "డబ్బాలో నీళ్ళు పారబోశాను. తప్పు నాది," అని రాసింది. తర్వాత ఆ పేజీ ఎవరికీ చూపించలేదు. ఇప్పుడు దిగులు ఆగక సైన్సు టీచరుకి మాత్రం చెప్పుకుంది.

"ఆ రాత కొట్టేసి అక్కడో అంకె పడెయ్యండమ్మా. పక్క ఊరి లెక్క నేను తెచ్చిస్తాను. ఎవరు చూడొచ్చారు?" అంది సైన్సు టీచరు, ఆవిడ మీద జాలితోనే. కలం కూడా చేతికిచ్చింది. వానమ్మ కలం మూత తీసింది.  మళ్ళీ మూత పెట్టేసింది.

"పక్క ఊరి వాన పక్క ఊళ్ళో పడింది టీచరుగారూ."

మర్నాడు అధికారి వచ్చాడు. పుస్తకాలన్నీ తిప్పి తిప్పి, సరిగ్గా ఆ గీత దగ్గరే ఆగాడు. "ఇదేంటమ్మా?"

 వానమ్మ జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇప్పటికి ఇరవై బళ్ళ పుస్తకాలు చూశానమ్మా. ఒక్కదాంట్లోనూ ఒక్క గీతా లేదు. అన్నేళ్ళలో ఎవరికీ జ్వరం రాలేదు, ఎవరి చెయ్యీ జారలేదు. అందుకే వాటిల్లో ఏదీ నమ్మలేకపోయాను. మీ గీత చూశాకే మిగతా అంకెలన్నీ మీరు చూసే రాశారని తెలిసింది. ఇవి నేను తీసుకెళ్ళొచ్చా?"

వానమ్మకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "తీసుకెళ్ళండి బాబూ. ఒక్క రెండు రోజులు ఆ పదకొండో పుస్తకం మాత్రం ఉంచండి," అంది.

ఆఖరి రోజు ఉదయం పిల్లలందరినీ వర్షమాపకం దగ్గరికి పిలిచింది. ఇన్నేళ్ళూ దాచిన పేజీ తెరిచి అందరికీ చూపించి, ఆనాటి పొరపాటు తనే చదివి వినిపించింది. తర్వాత గ్లాసు ఏడో తరగతి పిల్ల చేతికిచ్చింది. ఆ పిల్ల ముందు డబ్బాలోకి తొంగి చూసింది, ఆ తర్వాతే సీసా తీసింది.

"నీళ్ళు లేవు వానమ్మా."

"చూశావుగా. ఇక రాయి."