వెనక పోసిన నీళ్లు

టర్కీ వాళ్ల మర్యాదకు కరిగిపోయామని వెళ్లొచ్చిన వాళ్లంతా చెబుతారు. నేను మాత్రం కొట్లాడి వచ్చాను.

మాకు గది అద్దెకిచ్చిన పెద్దావిడ, మా టాక్సీ కదలగానే వెనక చెంబెడు నీళ్లు గుమ్మరించింది. మా శామీర్‌పేటలో ఇంట్లోంచి శవం లేచాకే అలా వెనక నీళ్లు పోసి వాకిలి కడుగుతారు. బండి ఆపించి దిగాను.

"ఊకో వదినా, ఫ్లైట్ పోతది," అంది మా ఆడపడుచు.

"పోనీ. మనమేమన్న సచ్చినమా, ఎనక నీళ్లు పోస్తాంది?"

నేను ఇంగ్లీషులో నిలదీస్తే పెద్దావిడ కోడలు నెమ్మదిగా చెప్పింది. "నీళ్లలా సాఫీగా వెళ్లి, నీళ్లలా తిరిగి రావాలని పోస్తాం. మాకు ఇష్టమైన వాళ్లకే."

పెద్దావిడ ఖాళీ చెంబుతో అలాగే నిలబడింది. నేను బండెక్కాను. వెనక్కి తిరిగి చూడడానికి మొహం చెల్లలేదు.

ఆడపడుచూ చూడలేదట. రెండోసారి బండి కదిలినప్పుడు ఆవిడ మళ్లీ నీళ్లు పోసిందా, లేదా?