రాణికి వచ్చిన సంబంధం

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులోనే ఉండిపోయింది. మా ఆయనకు చెప్పలేదు. దేవుడికీ సరిగ్గా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

ఇక్కడ గల్ఫ్‌లో, మబేలాలో పెద్ద బట్టల షాపు మాది. ఈమధ్యే ఖురియాత్‌లో ఇంకోటి తెరిచాం. కారు నేనే నడుపుతాను. పనివాళ్లు మేడమ్ అంటారు. వినడానికి ఎంత బాగుంటుందో! ఒకప్పుడు బౌషర్‌లో ఒక ఆసుపత్రిలో నేల తుడిచినదాన్ని మరి.

అప్పుడు నాతో రూమ్‌లో ఉండేది రాణి. అదే ఆసుపత్రిలో నర్సు. నాకు జ్వరమొస్తే జావ కాచి పోసిన మనిషి. ఆమెకు ఒక సంబంధం వచ్చింది. అతనికి సొంత షాపు ఉంది, భార్య పోయింది. ఇక్కడ మన తెలుగు క్రైస్తవులు పిల్లను చూడటానికి రూమ్‌కి రారు. సెలవు రోజైన శుక్రవారం ప్రార్థనకు వచ్చి, భోజనాల దగ్గర చూసి వెళ్తారు. ఆ శుక్రవారమే రాణికి డ్యూటీ పడింది. వచ్చే వారం తప్పకుండా వస్తానని పెళ్లికొడుకు అక్కగారికి చెప్పమని నన్ను బతిమాలి వెళ్లింది.

నేను రాణి చీరే కట్టుకుని వెళ్లాను. ఎందుకు కట్టుకున్నాను? అప్పటికే మనసులో ఉందా? ఉండే ఉంటుంది.

“రాణి ఏదమ్మా?” అని అడిగింది పెళ్లికొడుకు అక్క.

“తనకు ఈ సంబంధం ఇష్టం లేదండి. మీకెలా చెప్పాలో తెలీక రాలేదు.”

ఆవిడ ముఖం చిన్నబోయింది. బిర్యానీ వడ్డిస్తున్న నన్ను కాసేపు చూసి, “మరి నీకెక్కడైనా చూస్తున్నారా అమ్మా?” అంది.

అంతే! పిల్లకు ఇష్టం లేదన్నాక మగపెళ్లివాళ్లు మళ్లీ అడగరు, పరువు. రాణి కూడా అడగలేదు. ఆడపిల్ల తనంతట తానే ఎలా అడుగుతుంది? నల్లగా ఉన్నానని ఎవరో చెప్పుంటారు, అందుకే వద్దనుకున్నారు అని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఛీ! ఆ పెళ్లికొడుకుతోనే జరిగిన నా పెళ్లికి తనే నా తలలో పూలు పెట్టింది. మా ఆడపడుచు ఆమెను పలకరించనైనా లేదు.

సుఖపడ్డానా? బ్రహ్మాండంగా! ఆ షాపులో అప్పుడు నాలుగు పాత నైటీలు తప్ప ఏముంది? ఇంత చేసింది నేనే. మా ఆయన్ని చచ్చినా వదులుకోను. మళ్లీ ఆ శుక్రవారమే వస్తే అదే అబద్ధం ఆడతానేమో, ఇంతకంటే నిజం నా దగ్గర లేదు.

కానీ రాణి ఇప్పటికీ ఫోటో అంటే పక్కకు జరుగుతుంది. నా మొహానికి ఫోటో ఒకటా అంటుంది. అది మాత్రం నేను చేసిన పనే.

హమ్మయ్య, అనేస్తున్నాను. రాణీ, నిన్నెవరూ వద్దనలేదే. వాళ్లు అడిగింది నిన్నే.