క్యాన్సర్ గోళీ అన్న ఒక్క మాట

మా అక్క చేతివేళ్ల సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. సరూర్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుట్టిన చేతులవి. ఒక చలికాలం పొద్దున్నే వేళ్లు వాచిపోయి, పిడికిలి ముడవడం కూడా రాకుండా పోయింది. "వాతం, వంకాయ మానెయ్" అన్నవాళ్లే అందరూ. నేనే పట్టుబట్టి ఎల్‌బీ నగర్‌లో కీళ్లవాతం చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

ఇది అరుగుదల కాదని, ఒంట్లోని రక్షణశక్తే పొరపాటున సొంత కీళ్ల మీద పడుతోందని ఆమె ఓపికగా చెప్పింది. "ఒకప్పుడు వేళ్లు వంకర పోయాక గట్టి మందులు మొదలుపెట్టేవాళ్లం. ఇప్పుడు మొదటి నెలల్లోనే అణచేస్తున్నాం. ఇప్పుడు రాసే గోళీలకు లొంగకపోతే వాపును లోపలినుంచే ఆపే కొత్త మాత్రలున్నాయి. మీరు మాత్రం మానొద్దు" అంది. వారానికి ఒక్కరోజు వేసుకునే గోళీలు రాసింది.

అక్క ఆ చీటీ పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో తనకు తెలిసిన మెడికల్ షాపుకు పోయింది. మావాళ్లకు అదో రోగం. ఎంత పెద్ద డాక్టరు రాసినా మెడికల్ షాపాయన తలూపితే తప్ప నమ్మకం కుదరదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా! ఆయన చీటీ చూసి, "ఇది క్యాన్సర్ గోళీ కదమ్మా, మీకెందుకు?" అన్నాడట.

అంతే, అవి బంద్. బదులుగా ఆయనే ఇచ్చిన చిన్న తెల్ల గోళీలు మింగింది. అవి స్టెరాయిడ్లు. రెండు రోజుల్లో నొప్పి మాయం. నేనడిగితే "మంచిగనే ఉన్న" అనేది. మొహం గుండ్రంగా ఉబ్బితే ఒళ్లు చేసిందనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిని!

ఏడాది తిరిగేసరికి వేళ్లు పక్కకి ఒరిగాయి. అప్పుడు నిలదీస్తే నిజం చెప్పింది.

"నాకు క్యాన్సర్ లేదు గదనే, గా గోళీలు నేనెందుకు మింగాలె?"

నేను షాపు మీదికి పోయాను.

"క్యాన్సర్‌కీ వాడతారండీ. అబద్ధమేం చెప్పలేదుగా?" అన్నాడాయన, ఏమీ ఎరగనట్టు.

"దానికి వాడే మోతాదు వేరు, దీనికి వాడేది వేరు. అది చెప్పావా? సగం తెలిసినప్పుడు నోరు మూసుకోవాలయ్యా!"

నలుగురూ పోగయ్యారు. ఆయన నా వెనకాల ఉన్నామె చీటీ అందుకున్నాడు.

అక్కను మళ్లీ తీసుకెళ్తే, జబ్బు ముదిరిందని డాక్టరమ్మ రక్తపరీక్షలు, టీబీ పరీక్ష చేయించి ఆ కొత్త మాత్రలే మొదలుపెట్టింది. తెల్ల గోళీలను కొద్దికొద్దిగా తగ్గించింది. రెండు నెలల్లో వాపు దిగింది. నేను సంబరపడిపోయి, వేళ్లు ఎప్పటికి తిన్నగా అవుతాయని అడిగాను.

"జబ్బును ఆపగలం. పాడైపోయిన కీలును వెనక్కి తేలేం" అంది.

పోయినవారం ఇద్దరం ఒక పెళ్లికి బయల్దేరుతుంటే అక్క ఎంతకీ గదిలోంచి రాలేదు. వెళ్లి చూస్తే, జాకెట్ తొడుక్కుని, పైన తువ్వాలు కప్పుకుని మంచమ్మీద కూర్చుని ఉంది.

"నొప్పి లేదే, నిజంగనే లేదు" అంది నా మొహం చూడకుండా. "జర గీ హుక్కులు పెట్టు."